మొలతాడుకు కట్టిన నల్ల బిళ్ళ

ఏళ్ల తరబడి ఒక చిన్న నల్ల బిళ్ళ నా గుండె మీద బరువై కూర్చుంది. మెడలోంచి ఎప్పుడో తీసేశాను. అయినా దిగలేదు.

మాది శ్రీకాకుళం వైపు ఒకప్పటి జమీందారీ. ఊళ్ళూ పోయాయి, మేడా పోయింది. రాయపూర్ వచ్చి ఉర్లాలో ఒక ఉక్కు కర్మాగారంలో గుమస్తాగా చేరాను. ఇక్కడున్న మావైపు కుటుంబాలు మాత్రం నన్ను బాబుగారనే పిలిచేవి. మెడలో వేసుకుంటే ఒంటికి శక్తినిచ్చే బిళ్ళలంటూ వచ్చిన కంపెనీవాళ్ళు వాటిని అమ్మడానికి నన్నే ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలియదా? వాళ్ళకు కావలసింది నా పేరు. నేను అమ్మిందీ దాన్నే.

పొరుగింటి సరస్వతి ఒకటి తీసుకుంది. తను వేసుకోలేదు. పెద్దింటి చేతి వస్తువని, తాయెత్తులా పసిబిడ్డ మొలతాడుకు కట్టింది.

తుక్కు లారీల్లో రేడియేషన్ ఉందేమో చూసే మీటరు మా కర్మాగారం గేటు దగ్గర ఉండేది. ఒకరోజు దాని పక్కగా వెళ్ళాను. లారీని వదిలేసి నన్ను చూసి కూసింది. నా మెడలోని బిళ్ళలో థోరియం పొడి కలిపారని ఇంజనీరు అప్పటికప్పుడే పరీక్షించి తేల్చాడు. దాన్ని తెంపి అక్కడే ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే సరస్వతి పాపనెత్తుకుని ఎదురైంది.

“బాబుగారూ, ఈ బిళ్ళ మంచిది కాదని టీవీలో ఏటో సెప్తన్నారంట. మా అత్త ఒకటే పరేశాన్ చేసేస్తంది. తీసీమంటారేటి?”

“నా చేత్తో ఇచ్చిందమ్మా. టీవీ మాట గొప్పా, నా మాట గొప్పా?”

“అయ్యో, మీరుండగా టీవీ ఎందుకు బాబూ! ఉండనీండి.” నవ్వుతూ వెళ్ళిపోయింది.

రేడియేషన్ చిమ్మే పొడిని ఆరోగ్యమని అంటగట్టిన ఆ కంపెనీని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. “మోతాదు తక్కువేలెండి” అని తేల్చేసే చదువుకున్నవాళ్ళను చూస్తే ఇంకా మండుతుంది. ఎవరికి తక్కువ? రాత్రీ పగలూ దాన్ని ఒంటికి ఆనించుకుని నిద్రపోయే పసిదాని దగ్గర ఎవరు కొలిచారు? కానీ వాళ్ళకు ఆ బిడ్డ ఎవరో తెలియదు. నాకు తెలుసు. నేనూ మోసపోయానమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. మా వంశంలో ఎవరూ అలా అనలేదని, ఆ పసిదాని కంటే నా మీసానికే విలువిచ్చాను.

తర్వాత వాళ్ళు తిల్దా వెళ్ళిపోయారు. పాప బాగానే ఉందని విన్నాను. అందులో నా గొప్పేమీ లేదు. మొలతాడు ఎప్పుడో తీసేసి ఉంటారు. బిళ్ళను మాత్రం పారేసి ఉండరు. బాబుగారు ఇచ్చింది కదా. రెండో బిడ్డ పుడితే దానికీ కట్టి ఉంటారు.

తెలిసే ఉండనిచ్చాను. ఈ మాట రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. మీ ఇంట్లో అలాంటి బిళ్ళ ఉంటే పిల్లల ఒంటి మీంచి తీసెయ్యండి. ఎవరైనా అడిగితే బాబుగారే తియ్యమన్నారని చెప్పండి.