పాత మోటర్‌సైకిలుకు పూచీ ఎవరిది

నాకు చిన్నప్పటి నుంచీ నిలకడ లేదు. కూర్చున్నచోట కూర్చోలేను. ఎదుటివాడు నిదానంగా ఏదైనా చెబుతుంటే సగంలోనే అందుకుని మిగతా సగం నేనే చెప్పేస్తాను. కాలుగాలిన పిల్లి అని ఇంట్లో ఇప్పటికీ వెక్కిరిస్తారు. అలాంటివాణ్ణి పట్టుకుని, డెబ్బైల మొదట్లో, ఒక పాత మోటర్‌సైకిలు నన్ను నానా తిప్పలూ పెట్టింది.

పశువుల దవాఖానలో కాంపౌండరు పని ఖాళీ ఉందని మిర్యాలగూడ నుంచి పిలుపొచ్చింది. పనిచేయాల్సింది త్రిపురారంలో. కాలువ నీళ్ళొచ్చాక ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ వరి మడులైపోయాయి. గడ్డికి కరువు లేదు, ఇంటింటికీ బర్రెలు పెరిగాయి. వాటికి జబ్బు చేస్తే ఊరూరా తిరిగి చూసేవాడు కావాలి. పెద్ద డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు: "మోటర్‌సైకిల్ ఉన్నోనికే ఈ పని. వచ్చే నెల మొదటి సోమవారం త్రిపురారం దవాఖానకు నేనే వస్తా. బండితోని వచ్చినవా, పని నీది. లేకుంటే నీ ఎనకాల ఇంకొకడు కాసుకొని ఉన్నడు."

మాది గొర్రెల మంద. తాత, నాయన, చిన్నాయనలు అందరి బతుకూ మంద వెనకే గడిచింది. నేనొక్కణ్ణే చదువుకున్నాను. చదువుకుని చేసిందేముంది, ఊళ్ళో అరుగుల మీద తిరగడం తప్ప. ఈ పని చేజారితే మళ్ళీ కర్ర పట్టుకుని మంద వెంట పోవాల్సిందే. ఆ తలపు వస్తే చాలు, నాకు అన్నం సహించేది కాదు.

కొత్త మోటర్‌సైకిలు ఆ రోజుల్లో అడగ్గానే దొరికేది కాదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కోదాడలో ఒక షావుకారు బెజవాడ వైపు నుంచి పాతవి తెచ్చి, రంగు వేసి అమ్ముతాడని విన్నాం. నాయన మారు మాట్లాడకుండా మందలో సగం అమ్మి నాతో కోదాడ బస్సెక్కాడు.

షావుకారు కొట్టు ముందు నల్లటి మోటర్‌సైకిలు ఒకటి తళతళలాడుతోంది. నాకు అది నచ్చింది, ఎక్కి పోదామా అన్నంత తొందరగా ఉంది. నాయన మాత్రం దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, కూర్చుని, టైర్లు నొక్కి, స్టార్టు చేయించి, చెవి దగ్గరగా ఆనించి విన్నాడు.

"పండ్లు ఉంటే పట్టి సూసేటోణ్ణి, ఇగ దీనికి నోరెక్కడిది!" అన్నాడు.

షావుకారు నవ్వాడు. "ఇంజను గురించి మీరేం బెంగ పెట్టుకోకండి పెద్దాయనా. పూచీ నాది. బాగా నడిపి చూసుకోండి. ఏదన్నా తేడా కనిపిస్తే పట్టుకొచ్చేయండి, నేను చూసుకుంటాను."

నాయన చెయ్యి చాచాడు. షావుకారు సరదాగా ఆ చేతిలో చెయ్యి వేశాడు. షావుకారుకు అది సరదా. మా నాయనకు కాదు.

మా దిక్కు సంతలో ఎద్దును కొంటే, చేతిలో చెయ్యి వేసి పూచీ ఇచ్చినవాడు వచ్చే సంత దాకా ఆ మాటకు కట్టుబడి ఉండాలి. ఆలోపు ఎద్దు పడుకున్నా, పొడిచినా, బండి లాగనని మొండికేసినా తోలుకుపోయి అప్పగించొచ్చు. సంత దాటితే మాత్రం ఆ ఎద్దు మంచీ చెడ్డా నీవే. అందుకే తెలివైనవాడు కొన్న ఎద్దును ఆ వారం సుఖపెట్టడు. బండి నిండా బరువేసి వాగు ఇసుకలోకి తోలుతాడు. దాని బండారమేదో గడువులోపలే బయటపడాలి.

ఇంటికొచ్చిన మూడో నాడు, నాయన నా మోటర్‌సైకిలు వెనక వడ్ల బస్తా కట్టాడు. బస్తా వెనక తనెక్కి కూర్చున్నాడు.

"వాగుల దింపు."

"వాగులనా? మోటర్‌సైకిలునా?"

"మల్ల సంత అయిపోతే ఎవన్ని అడుగుతవ్? ఇప్పుడే సూసుకోవాలె. దింపు బిడ్డా."

నాకూ లోపల ఆరాటమే. అసలు అది ఎంత లాగుతుందో చూడాలని చేతులు దురదపెడుతున్నాయి. దింపాను. చక్రం సగం దాకా కూరుకుపోయింది. నేను ఎక్స్‌లేటరు తిప్పుతున్నాను, నాయన వెనక నుంచి "హై, హై" అని అదిలిస్తున్నాడు. ఇంజను అరిచింది, మూలిగింది, మాడువాసన కొట్టింది. ఆ తర్వాత టక్కున ఆగిపోయింది. కిక్కు కొడదామంటే రాడ్డు కిందికి దిగదు. ఇంజను పట్టేసింది.

"సూసినవా? సేటు దొరికిపోయిండు!" అన్నాడు నాయన, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

నాకు ఏడుపొక్కటే తక్కువ. సోమవారం ముంచుకొస్తోంది. లారీవాణ్ణి బతిమాలి మోటర్‌సైకిలును ఎక్కించి సూర్యాపేట చేర్చాం. అక్కడ కోదాడ పోయే ఇంకో లారీ కోసం ఎండలో పడిగాపులు. నాయన మోటర్‌సైకిలు నీడలోనే తువ్వాల పరుచుకుని కునుకు తీశాడు. నేను రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాను. ఆ మనిషికి నిద్రెట్లా పట్టిందో అని ఒళ్ళు మండిపోయింది.

కోదాడలో షావుకారు ఇంజను విప్పించి చూశాడు. చక్రాల నిండా ఇసుక చూశాడు. మొహం మాడిపోయింది.

"ఇసుకలో ఎందుకు దింపారండీ దీన్ని?"

"నడిపి సూసుకోమన్నది నువ్వే గద సేటు."

"నడపమన్నాను గానీ చంపమన్నానా? మంచిగా రోడ్డు మీద నడిపి, అప్పుడేదన్నా వస్తే నా పూచీ. మీరే పాడు చేసి తెస్తే నన్నేం చెయ్యమంటారు?"

"మంచిగ సూసుకుంటే ఏ గొడ్డయినా నడుస్తది. గట్లయితే ఇగ పూచీ ఎందుకు?"

ఇద్దరి మాటలూ నాకు సబబుగానే వినిపించాయి, అదే నా కర్మ. ఇద్దరినీ తిట్టాలనిపించింది. షావుకారు చెడ్డవాడేం కాదు. కాసేపు గొణిగి, మూలనున్న ఇంకో మోటర్‌సైకిలు చూపించాడు. దాని రంగు ఊడిపోయింది, సీటు చిరిగింది. "ఇది వదిలేసి అది పట్టుకుపోండి. నేనే నష్టపోతాను. కాకపోతే దాని గురించి నేనేం మాట ఇవ్వను. నా గుమ్మం దాటితే నాకూ దానికీ సంబంధం లేదు."

నాయన తువ్వాల దులిపి లేచాడు. "మాటలేని సరుకు మనకొద్దు. పా పోదాం."

"ఎల్లుండే సోమారం నాయినా!" అరిచాను. "ఇగ ఎక్కడ తెస్తవ్? గొర్ల ఎనక పొమ్మంటవా నన్ను?"

నాయన నా మొహంలోకి చూశాడు. అంతసేపు ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ ఆ డొక్కు బండి దగ్గరికి పోయి, ఈసారి ఏమీ నొక్కకుండా, వినకుండా, హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

"పట్టు. దీని పూచీ నాది."

నాకు నవ్వొచ్చింది, కోపంతో వచ్చే నవ్వు. "నీదా? ప్లగ్గంటే ఏందో ఎరికేనా నీకు? నువ్వేం పూచీ ఇస్తవ్?"

ఆయన స్టాండు తన్ని బండిని గుమ్మం వైపు తోశాడు.

సోమవారం తెల్లవారగానే బయల్దేరాను. మా ఊరికి నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న మిర్యాలగూడ దాకా బాగానే పరుగెత్తింది. ఊరు దాటి కాలువ పక్క రోడ్డెక్కానో లేదో, దగ్గింది, ఆగింది. కిక్కు కొట్టాను. తోశాను. ప్లగ్గు విప్పి తుడిచి బిగించాను. మళ్ళీ కొట్టాను. ఎండ ముదిరిపోతోంది. కూర్చున్నాను, లేచాను, చక్రాన్ని తన్నాను, నా కాలే నొప్పెట్టింది. పొలానికి పోయే ముసలాయన ఒకడు "ఏం పిలగా, అలిగిందా?" అని పోయాడు. నాకు ఆయన్నీ తన్నాలనిపించింది. దవాఖాన అరుగు మీద ఇప్పటికే ఆ రెండోవాడు కూర్చుని ఉంటాడు. డాక్టరు గడియారం చూసుకుంటూ ఉంటాడు. అయిపోయింది, ఖతం అనుకుని, కాలువ గట్టు మీద కూలబడ్డాను.

అప్పుడు కనిపించింది, రోడ్డు మీద మా ఎడ్లబండి. నాయన తోలుకొస్తున్నాడు. నేను బయల్దేరిన మరుక్షణమే ఎడ్లను కట్టాడట.

"ఆగుతదని నీకు ముందే తెలుసా?" మీదపడిపోయాను.

"నాకేం తెలుసురా. పూచీ ఇచ్చిన గద."

నాట్లేస్తున్న నలుగురు చెయ్యి వేస్తే మోటర్‌సైకిలును బండిలో పడుకోబెట్టాం. దారి పొడుగునా నేను "జల్ది, జల్ది" అంటూనే ఉన్నాను. ఎడ్లు వాటి నడకే నడిచాయి.

మధ్యాహ్నం దాటాక దవాఖాన చేరేసరికి డాక్టరు గుమ్మం దిగుతున్నాడు. అరుగు మీద రెండోవాడు ఉన్నాడు, వాడి ముందు మెరుస్తున్న మోటర్‌సైకిలూ ఉంది. డాక్టరు మా బండిలోకి తొంగి చూశాడు.

"ఇదేనా నీ మోటర్‌సైకిల్?"

నాయన కాడి దగ్గర నుంచి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సారూ, అది ఆగిన నాడు నా ఎడ్లున్నయి. మీరు ఏ ఊరికి తోలితే ఆ ఊరికి పొద్దూకకముందు మావోడు పోతడు. పూచీ నాది."

డాక్టరు ఎగతాళిగా అడిగాడు: "అట్లనా? ఎన్ని రోజులు పూచీ?"

"ఎడ్లకైతే మల్ల సంత దాకనే సారు." నాయన కట్టుకున్న చెయ్యి విప్పి నా భుజం మీద వేశాడు. "గీనికైతే నేనున్నన్ని రోజులు."

నేను తల తిప్పుకున్నాను. అంతసేపూ ఆ మనిషిని తిట్టుకుంటూ వచ్చాను గదా అనిపించి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

డాక్టరు ఎవరి వంకా చూడలేదు. లోపలికి పోయి మందుల సంచి తెచ్చాడు. అవతలి ఊళ్ళో బర్రె ఒకటి పొద్దుటి నుంచీ ఈనలేక అల్లాడుతోందట. సంచిని నా చేతికివ్వలేదు, "పొద్దూకకముందు చేర్చు" అని నాయన చేతికిచ్చాడు.