నాలుగు మడతల గౌను

వీధికంతటికీ ఆవిడ దర్జీ అత్తే. చేతికెంత పనితనమో నోటికంత దురుసు. బాంబుల భయంతో పిల్లల్ని పల్లెలకు పంపేస్తున్నారని తెలిసి, పక్కింటావిడ కూతురి గౌను అంచుకి లోపల నాలుగు మడతలు వేసి కుట్టింది.

"రెండు నెలల్లో వచ్చేసే పిల్లకి ఇంత బరువెందుకత్తా?"

"నోరు మూసుకుని పట్టుకెళ్ళవే."

నాలుగేళ్ళకు యుద్ధం ఆగింది. రైలు దిగిన కూతుర్ని తల్లి పోల్చుకోలేకపోయింది, గౌనుని పోల్చుకుంది. ఏడాదికొక మడత విప్పినచోటల్లా రంగు వెలిసిపోని గీత మిగిలింది. మోకాళ్ళ మీద కూలబడి, నాలుగు గీతల్నీ వేలితో తడిమింది. తిన్నగా అత్త దగ్గరికి నడిచింది.

"నాలుగేళ్ళని నీకెలా తెలుసత్తా?"

అత్త పంటితో దారం తెంపింది.

"నాకేం తెలుసే? ఇంకాస్త గుడ్డ ఉంటే ఇంకా వేసేదాన్ని."