ఆఖరి పేరాలో డౌట్

అమీర్‌పేటలో నేను మూడు నెలలు కోర్సు చేసిన హాల్లో రెండు వందల కుర్చీలుండేవి. మైకు పట్టుకున్న సారును ఏదైనా అడగాలంటే "చిన్న డౌట్ సార్" అని మొదలుపెట్టాలి. మొదటి గంట నుంచీ ఒక్క ముక్క అర్థం కానివాడు కూడా అలాగే మొదలుపెట్టేవాడు. పెద్ద డౌట్ ఉందని లేచి నిలబడినవాణ్ని నేను చూడలేదు.

ఆ చదువుతోనే పంజగుట్టలో ఒక చిన్న కంపెనీలో చేరాను. కాలేజీ ల్యాబులకు కంప్యూటర్లు సిద్ధం చేసి ఇచ్చేవాళ్లం. వాటిలో వాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాని లోపల అన్నిటినీ అదుపు చేసే కెర్నెల్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చమని అడగొచ్చు, తప్పు పట్టొచ్చు. అదంతా ఈమెయిళ్లలో, అందరి ముందూ జరుగుతుంది. అందులో కొత్తగా వచ్చే సెక్యూరిటీ మార్పులను చదివి చెప్పడం నా పని. ఇంగ్లీషు ఉత్తరాలను చివరిదాకా చదివే ఓపిక ఆఫీసులో నాకొక్కడికే ఉందని మేనేజరు గారు కనిపెట్టారు.

ఒకసారి ఒక విదేశీ పెద్దాయన కొత్త తాళం లాంటిదొకటి తయారుచేసి, కెర్నెల్‌లో చేర్చమని ఆ ఈమెయిళ్లలో అందరికీ పంపారు. ఏ ప్రోగ్రామైనా "ఇకమీదట ఏ ఫైలునూ ముట్టుకోను" అని తనకు తానే తాళం వేసుకోవచ్చు. ఆ మాట తప్పకుండా కెర్నెల్ చూసుకుంటుంది. మా ల్యాబులకు సరిగ్గా కావలసింది అదే. రెండు రోజులు కూర్చుని చదివాను. తాళం వేసుకున్న ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను మొదలుపెడితే, ఆ రెండోదానికి తాళం లేదు. పది లైన్ల ప్రోగ్రాం రాసి చూశాను. ముట్టుకోకూడని ఫైలును హాయిగా చెరిపేసింది. నాకు సంతోషం వేసింది. కాసేపటికి భయం వేసింది.

ఇలాంటివి ఒకసారి విడుదలయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఎక్కడెక్కడి ప్రోగ్రాములో వాటిని నమ్ముకుని ఉంటాయి. అందుకని ముందే చెప్పాలి. చెప్పాను. మొదటి పేరాలో కృతజ్ఞతలు తెలిపాను. రెండో పేరాలో ఆయన అనుభవాన్ని, మూడో పేరాలో ఆయన కోడు రాసే తీరును మెచ్చుకున్నాను. ఆఖరి పేరాలో ఒక చిన్న డౌట్ ఉందనీ, బహుశా నేనే సరిగా అర్థం చేసుకోలేదేమో అనీ రాశాను. పది లైన్ల ప్రోగ్రాం జతచేస్తే గొప్పలు పోయినట్టుంటుందని మానేశాను. ఆయన "థాంక్స్" అని జవాబిచ్చారు.

మూడు వారాలకు, ఆ తాళం రాబోయే విడుదలలో వెళ్తోందని ఆయన మెయిలు వచ్చింది. గడువు ఇంకో రెండు రోజులు. పక్క సీట్లో ఎర్రగడ్డ నుంచి వచ్చే సీనియర్ ఉండేవాడు. నా పాత ఉత్తరం చూపించాను. అతను నింపాదిగా చదివాడు.

"గిదేంది తమ్మీ, పెండ్లి పత్రిక లెక్కున్నది. తప్పున్నదని ఏడ రాసినవ్?"

"ఆఖర్లో ఉంది అన్నా."

"ఇల్లు కాలుతుంటే పక్కింటోనికి జర వేడిగున్నట్టున్నది సార్ అని చెప్తవా?"

"ఆయన నేను ఇంజనీరింగ్‌లో చేరకముందు నుంచీ ఇదే పని చేస్తున్నారన్నా. తప్పు అంటే ఏం బాగుంటుంది?"

"ఆయన నీకేమన్న మేనమామనా? రాయి."

నిజానికి నాకు మర్యాద కంటే భయమే ఎక్కువ. నేను పొరబడితే ఆ ఉత్తరం లోకమంతా చూసేలా అక్కడే ఉండిపోతుంది. అయినా రాశాను. "ఇది తప్పు. దీన్ని తీసుకోవద్దు. రుజువు కింద ఉంది." పది లైన్లూ పెట్టి పంపాను. అంత పొగరుగా నేను అంతకుముందు మా తమ్ముడితో కూడా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆయన జవాబు వచ్చింది, ఈసారి అందరికీ కాదు, నాకొక్కడికే. నేను చెప్పింది నిజమేననీ, తాళాన్ని వెనక్కి తీసుకున్నాననీ రాశారు. ఈ మూడు వారాల్లో దాని మీద ఇంకో నాలుగు భాగాలు కట్టారట. అవీ పారేయాలట. "నీ పాత ఉత్తరం మళ్లీ చదివాను. ఇదే విషయం అందులో ఉంది. అప్పుడు నువ్వు మెచ్చుకుంటున్నావనే అనుకున్నాను. మా ఆవిడకు చదివి వినిపించాను."

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమాపణ రాయడం మొదలుపెట్టాను. ఆయన పెద్దమనసు గురించి ఒక వాక్యం, నా అనుభవలేమి గురించి ఇంకో వాక్యం పడ్డాయి. నాలుగో వాక్యం దగ్గర ఆగి, మొత్తం చెరిపేశాను. "తప్పు నాది" అని రాసి పంపాను.