కారు వెళ్ళని మెట్ల వీధి

శనివారం ఉదయం ట్యాక్సీ డ్రైవరు కారు కడిగాడు. ఎక్కడికీ వెళ్ళేది లేదు. అయినా అద్దాలు తుడిచాడు, సీట్ల కింద దులిపాడు, కాళ్ళ దగ్గర వేసే రబ్బరు పట్టాలు ఎండలో ఆరబెట్టి మళ్ళీ లోపల పరిచాడు. శని, ఆది రెండు రోజులూ ఊళ్ళో కారన్నది తిరగకూడదని నగరపాలక సంస్థ ప్రకటించింది. సముద్రపు గాలి మనుషులకు కూడా కాస్త తగలాలని వాళ్ళ ఉద్దేశం. అంబులెన్సుకూ, ఫైరింజనుకూ మినహాయింపు ఉంది. ట్యాక్సీకి లేదు.

ఆయనకు యాభై ఆరేళ్ళు. మీసం వచ్చిన దగ్గర్నుంచి స్టీరింగు వెనకే ఉన్నాడు. నెమ్మదిగా నడుపుతాడు, కుక్క అడ్డం వచ్చినా పూర్తిగా ఆపి, అది దాటాక గానీ కదలడు. అందుకని స్టాండులో అందరూ బ్రేకు బాబాయ్ అంటారు. ఇంటిపక్క కిరాణా కొట్టుకు కూడా కారులోనే వెళ్తాడని భార్య అంటుంది. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. వాన పడితేనే వెళ్తాడు.

శనివారమంతా ఆయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఫ్యాను రెక్కలు తుడిచాడు, బాగానే ఉన్న కుళాయిని బిగించి కారేలా చేశాడు. సాయంత్రానికి భార్య ఓపిక అయిపోయింది.

"ఏమండీ, గొడుగులామెకి రేపు సాయంత్రంలోగా మాట చెప్పాలి."

"చెప్పేశాగా వద్దని."

"చూడకుండా చెప్పారు."

"చూసేదేముంది? కారు వెళ్ళని చోటికి గిరాకీ ఎలా వస్తుంది? ఎగురుకుంటూ వస్తుందా?"

"నడుచుకుంటూ వస్తుంది. మనుషులకి కాళ్ళుంటాయి. మీకూ ఉన్నాయి, వాడక తుప్పు పట్టాయి గానీ."

విషయం ఇదీ. ఆమె స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అక్కడ చేతులు కుట్టేవాళ్ళు వేరు, జేబులు కుట్టేవాళ్ళు వేరు. ఈమెవి కాలర్లు. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచేదాకా కాలర్లే. ఆ కాలర్లు ఏ చొక్కాల మీదికి వెళ్తాయో, ఆ చొక్కాలు ఏ పిల్లలు తొడుక్కుంటారో తెలియదు. ఒక బట్టను మొదటి నుంచి చివరి దాకా తన చేతుల మీద కుట్టి ఏళ్ళయింది. పైపేటకూ రేవుకూ మధ్య మెట్ల వీధిలో గొడుగులు బాగుచేసే ఒక ముసలామె ఉంది. చేతులు వణుకుతున్నాయి, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. గొడుగు బట్టలు కుట్టిచ్చిన పరిచయంతో కుట్టు కొట్టు పెట్టుకోమని తన గదిని ఈమెకు ఇస్తానంది. ఒకటే షరతు పెట్టింది.

"మీ ఆయన్ని ఒకసారి తీసుకురా. ఇదివరకు ఒకమ్మాయికి ఇస్తానన్నాను. సామాను దింపిన రోజే మొగుడొచ్చి ఎత్తుకుపోయాడు. నాకు మళ్ళీ ఆ తలనొప్పి వద్దు."

ఆదివారం సాయంత్రం దాటితే ఆ గదిని పక్కనున్న గడియారాలాయన సామాన్ల కోసం తీసుకుంటాడు.

ఆదివారం పొద్దున ఆయన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

"పద. చూస్తే పోయేదేముంది."

ఆయన మనసు మారేలోపే ఆమె చెప్పులు వేసుకుంది.

ఊరు తనకు కొట్టిన పిండి కాబట్టి ఆయనే ముందు నడిచాడు. బేకరీ దగ్గర కుడికి తిరిగాడు. బ్యాంకు దాటాడు. ఆటస్థలం గోడ పక్కన పోతూ సిగ్నలు దగ్గర ఆగాడు. ఎర్రదీపం వెలుగుతోంది. రోడ్డు మీద కారు లేదు, బండి లేదు. ఒక పాప మూడు చక్రాల సైకిలు తొక్కుతూ వీళ్ళను దాటి, సిగ్నలు కూడా దాటిపోయింది. పచ్చదీపం వెలిగాకే ఆయన కాలు కదిపాడు. ఆమె పెదవి బిగబట్టుకుంది. స్టేడియం చుట్టూ తిరిగేసరికి మాత్రం ఆగలేకపోయింది.

"ఎక్కడికండీ పోతున్నాం?"

"రేవుకి."

"రేవు మన బేకరీ ఎదురుసందులో కదా ఉంది!"

"అది వన్‌వే. ఎదురెళ్ళకూడదు."

ఆమె రోడ్డు మధ్యలో నిలబడి నవ్వింది. నడుము పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అటుగా పోతున్నవాళ్ళు కూడా విషయం తెలియకుండానే నవ్వారు.

"ఏమండీ, ఇవాళ మీకు చక్రాల్లేవు. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది మీ దారి!"

ఆయనకు మొదట కోపం వచ్చింది. తర్వాత స్టేడియం వైపు ఒకసారి, వచ్చిన దారి వైపు ఒకసారి చూశాడు.

"అలవాటే," అన్నాడు. "సరే, నువ్వు నడు."

ఆమె ఆయన్ను సందుల్లోంచి తీసుకెళ్ళింది. రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందే సందులు. తలల మీద తాళ్ళకు బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక వంటింటి కిటికీలోంచి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వచ్చింది. ఒక మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఏంటా హోరు?"

"సముద్రం."

"ఇక్కడికే వినిపిస్తుందా?"

"ఎప్పుడూ వినిపిస్తుంది. మీరు అద్దాలు ఎత్తుకుని ఉంటారు."

రేవు దగ్గర స్టాండు మిత్రుడొకడు మనవణ్ణి భుజం మీద ఎక్కించుకుని ఎదురయ్యాడు. "ఏం బ్రేకు బాబాయ్, ఇంజను లేకుండా బయల్దేరావ్! వదినగారు తోసుకొస్తున్నారా?" అన్నాడు.

"తోయడం కాదు అన్నయ్యా, లాక్కొస్తున్నా," అందామె.

మెట్ల వీధి అక్కడి నుంచే మొదలవుతుంది. వెడల్పాటి రాతి మెట్లు, మధ్యలో అరిగి నునుపెక్కినవి, రేవు నుంచి పైపేట దాకా ఎక్కుతాయి. రెండు వైపులా చిన్న చిన్న గదులు. ఆయన ఈ ఊళ్ళో ప్రతి రోడ్డూ ఎరుగును. ఈ మెట్ల మొదలు దగ్గర ఎందరినో దింపాడు. ఎక్కలేదు.

ఎక్కడం మొదలుపెట్టగానే ఆమెను పిలవడం మొదలైంది. మంగలి దువ్వెన చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. "అక్కా, నా ప్యాంటు సంగతి?" "జిప్పు దొరకలేదయ్యా, ఎల్లుండి." పైమెట్టు మీద ఒకమ్మాయి గౌను అంచు పైకెత్తి చూపించింది. "పిన్నీ, మళ్ళీ ఊడింది." "నువ్వు పరిగెత్తడం మానేస్తే ఊడదు." కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్న ముసలావిడ ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవరమ్మా ఈయన?"

"మా ఆయన."

"ఓహో, ఉన్నాడన్నమాట! ఊరికే చెప్తున్నావేమో అనుకున్నాం ఇన్నాళ్ళూ."

ఆయన ఆయాసం తగ్గించుకునే నెపంతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆదివారాలు తాను బండి మీద ఉన్నప్పుడు ఆమె ఇంట్లోనే ఉంటుందని ఆయన అనుకునేవాడు. ఇక్కడ ఇంతమందికి ఆమె అక్క, పిన్ని, వదిన. తాను ఆమె మొగుడు, అంతే. స్టాండులో బాబాయ్ అయినవాడికి ఇది కొత్త.

గొడుగులామె గదిలో ఒక బల్ల, ఒక కిటికీ. గోడకు బట్ట పీకేసిన గొడుగుల ఊచలు వేలాడుతున్నాయి. కిటికీలోంచి మెట్లు కనిపిస్తున్నాయి, మెట్ల చివర నీళ్ళు. వెలుతురు నేరుగా బల్ల మీద పడుతోంది. భార్య ఆ వెలుతురులో చెయ్యి పెట్టి, వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఫ్యాక్టరీలో పగలు కూడా ట్యూబులైట్లే.

"కూర్చో బాబూ," అంది ముసలామె. "ఏమిటి నీ అభ్యంతరం?"

"రోడ్డు లేదండీ," అన్నాడాయన బల్ల అంచున కూర్చుంటూ.

"నేను ముప్పై ఏళ్ళు బతికాను ఇక్కడ, రోడ్డు లేకుండా."

"గొడుగులు వేరు."

"వానలో తడిసేవాడు నడిచొస్తే, చొక్కా చిరిగినవాడు నడిచి రాడా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. మెట్ల మీద ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. ముసలామె ఆయన మొహంలోకి చూసింది.

"గుడ్డ చిరిగిందని తెస్తారు గొడుగుని. విప్పి చూస్తే లోపల ఊచ విరిగి ఉంటుంది. నీది గుడ్డా, ఊచా?"

ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు.

"పొద్దున దీన్ని ఫ్యాక్టరీ దగ్గర దింపుతాను. సాయంత్రం ఎక్కించుకుంటాను. రోజంతా బండిలో ఎవరెవరో కూర్చుంటారు, ఎవరెవరి మాటలో వింటాను. ఆ కాసేపే మా ఇద్దరం. ఇక్కడికైతే ఇది నడిచొచ్చేస్తుంది. నా బండితో పనేముంటుంది?"

భార్య కిటికీ దగ్గర్నుంచి తిరిగింది. ఇన్ని రోజులూ గిరాకీ గురించీ, మెట్ల గురించీ వాదించిన మనిషి ఈయనేనా అన్నట్టు చూసింది.

"ఆ కాసేపూ మీరు రేడియో పెడతారు."

"పెడితే పెట్టాను. నువ్వు పక్కన ఉంటావు కదా."

ఆమె వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చుంది. బల్ల ఇద్దరికీ ఇరుకు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ."

"చెప్పే ముక్కా అది?"

"మరి నేను పని చేసేది కాలర్లు కుట్టడానికా, మీ బండిలో కూర్చోడానికా?"

ఆయన తల ఎత్తలేదు. ఆమె గొంతు తగ్గించింది. "మధ్యాహ్నం మీకు గిరాకీ ఉండదుగా. స్టాండులో పడి నిద్రపోతారు. ఆ నిద్ర ఇక్కడ పోండి. కుర్చీ వేస్తాను. మిషను చప్పుడు మాత్రం భరించాలి."

"రేడియో కంటే నయమే," అన్నాడాయన.

గొడుగులామె తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. అది ఎవరికి ఇచ్చిందో ఇద్దరికీ అర్థం కాలేదు. ఆయనే దాన్ని భార్య వైపు జరిపాడు.

సోమవారం ఉదయం రోడ్లు తెరిచారు. ఫ్యాక్టరీవాళ్ళు నెలాఖరు దాకా ఉండమన్నారు. మిషను మాత్రం అంతదాకా ఆగలేదు. బుధవారం మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, ఆయనా, స్టాండులోని మరో ఇద్దరు డ్రైవర్లూ కలిసి ఇనపకాళ్ళ కుట్టుమిషనును రేవు దగ్గర డిక్కీలోంచి దింపి మెట్లెక్కించారు. దారిలో నాలుగుసార్లు ఆగారు. పైకి చేరాక చూస్తే కాలు బిగించే నట్టు ఒకటి లేదు. దాన్ని వెతకడానికి ఆయన మళ్ళీ కిందికి దిగాడు.