ఎండలో పెట్టిన నవ్వు

నా చేతులు పడిపోను, ఆ క్యాసెట్టును ఎండలో పెట్టింది నేనే. ఇంకొకరి మీదకు తోసేద్దామన్నా అక్కడ ఇంకొకరు లేరు.

సిడ్నీలో క్వేకర్స్ హిల్ అనే పేటలో పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, తిండి తినిపించి వచ్చే పని నాది. "గుంటూరులో ఎమ్మెస్సీ చేసి ఇదేం ఖర్మే నీకు" అని మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. ఖర్మేం కాదు. నాకు ముసలివాళ్ళతో పడుతుంది, మా అక్కతోనే పడదు.

మధ్యాహ్నం వంతు తొంభై దాటిన ఒక పెద్దాయనది. ఇంగ్లండ్‌లో పుట్టి, పెళ్ళయిన కొత్తలోనే భార్యతో ఓడెక్కి ఈ దేశం వచ్చేశారు. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఇక్కడ ఎవరినైనా పేరు పెట్టే పిలవాలట. తాత వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక అంకుల్ అన్నాను. "ఐ యామ్ నాట్ యువర్ అంకుల్" అని మొదటి వారమంతా విసుక్కున్నారు. తర్వాత తర్వాత అలా పిలిస్తేనే పలికేవారు.

మతిమరుపు ముదిరేకొద్దీ ఆయన తిండి మానేశారు. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించేసేవారు. వారం వారం నర్సు వచ్చి బరువు చూసేది. ఇంకా తగ్గితే ఓల్డేజ్ హోమ్‌కు పంపక తప్పదని పెర్త్‌లో ఉన్న ఆయన కూతురికి చెప్పేసింది కూడా. ఒకరోజు మనసు తేటగా ఉన్న గంటలో అంకుల్ నా చెయ్యి పట్టుకుని, "ఈ ఇంట్లోంచి నన్ను పంపనివ్వకు" అన్నారు. సరేనని మాట ఇచ్చాను. ఇవ్వడానికి నేనెవర్ని? అయినా ఇచ్చేశాను.

ఆ మాటను అన్నాళ్ళూ నిలబెట్టింది నేను కాదు, ఒక పాత క్యాసెట్టు.

యుద్ధం అయిపోయాక లండన్‌లో రేడియోవాళ్ళు హాస్య నాటికలను ఒక థియేటర్లో జనం ఎదుట ఆడి రికార్డు చేసేవారట. ముగ్గురో నలుగురో కాగితాలు పట్టుకుని మైకు ముందు నిలబడి, గొంతులు మార్చి మార్చి ఇరవైమంది మాటలు మాట్లాడేయడం, పక్కన ఒకడు కొబ్బరి చిప్పలు తాటించి గుర్రాలు పరిగెత్తించడం. టిక్కెట్టు ఉచితం. పైగా లోపల వెచ్చగా ఉండేదట. బయటేమో బొగ్గు కూడా దొరకని చలి. "ఆమె అద్దెగదిలో పొయ్యి ఉండేది కాదు. ఎప్పుడూ చలే ఆమెకు. నా కోటు జేబులో చేతులు పెట్టుకుని కూర్చునేది" అని అంకుల్ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అప్పటికి వాళ్ళకింకా పెళ్ళి కాలేదు. అలా ఇద్దరూ కలిసి వెళ్ళిన ఒక నాటికను ఎన్నో ఏళ్ళకు ఇక్కడి రేడియోలో వేస్తే, ఆయన క్యాసెట్టులోకి ఎక్కించుకున్నారు.

ఎందుకంటే అందులో ఆవిడ నవ్వు ఉంది.

నాటికలో ఒక సైనికాధికారి పరిగెత్తుకొచ్చి, వంతెనను దొంగలెత్తుకుపోయారంటాడు. ఎప్పుడు గమనించారని పైవాడు అడుగుతాడు. "సగం దూరం నడిచాక సార్" అంటాడు వీడు. హాలంతా ఘొల్లుమంటుంది. ఆ నవ్వు అణిగి, నటుడు మళ్ళీ నోరు తెరవబోయేలోగా, ఒక్క ఆడగొంతు కిసుక్కున మొదలై, ఆపుకోలేక ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఆవిడకు ఏ జోకైనా కాస్త ఆలస్యంగా అందేదట. దాంతో హాలు మళ్ళీ నవ్వుతుంది, ఈసారి ఆవిడను చూసి.

సరిగ్గా ఆ నవ్వు దగ్గర అంకుల్ నోరు తెరుచుకునేది. నేను చెంచా పెట్టేసేదాన్ని. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేసేదాన్ని. ఒక గిన్నెడు సూప్ తాగించేసరికి ఆ వంతెన ముప్పైసార్లు పోయేది. నిజం చెప్పొద్దూ, ఆ జోకు నాకు ఎక్కడానికే రెండు వారాలు పట్టింది. ఎక్కాక ఆయన వంటింట్లో గిన్నెలు తోముతూ ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను.

ఆ ఏడు సిడ్నీలో మూడు వారాలు ముసురు పట్టి వదల్లేదు. అంకుల్ ఇంట్లో గోడలకు బూజు, చెప్పులకు బూజు. ఒకరోజు చూద్దును కదా, క్యాసెట్టులో టేపు అంచున కూడా సన్నగా తెల్లటి బూజు. ఆవిడ నవ్వు దూరంగా, ముసుగులోంచి వచ్చినట్టు వినిపిస్తోంది.

మర్నాడు ఎండ కాసింది. మా పుట్టింట్లో ముసురు వెలిసిందంటే పరుపులు, పట్టుచీరలు, పప్పులు, పుస్తకాలు అన్నీ డాబా మీదే. వీలుంటే మా అమ్మ మమ్మల్ని కూడా ఆరబెట్టేది. ఎండ తగిలితే బూజు చస్తుందన్నది నేను పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. ఇంకేం, పెరట్లో ఇనప బల్ల మీద తువ్వాలు పరిచి, వడియాలు పెట్టినంత శ్రద్ధగా క్యాసెట్టు పెట్టి, ఆయనకు స్నానం చేయించడానికి లోపలికి వెళ్ళాను. మన ఎండ వేరు, ఈ దేశపు ఎండ వేరు. ఇన్నేళ్ళున్నా నాకది తెలిసి చావలేదు. వచ్చి చూసేసరికి క్యాసెట్టు వేయించిన అప్పడంలా వంకర తిరిగిపోయి ఉంది.

బుద్ధి ఉన్నదయితే అక్కడితో ఆగేది. నేను దాన్ని బలవంతంగా మెషిన్లోకి తోసి నొక్కాను. గుర్రుమని తిరిగి టక్కున ఆగింది. తీసి చూస్తే టేపు లోపల చుట్టుకుపోయి, ముడతలు పడి, రెండు ముక్కలు.

ఆ రోజు అంకుల్ ఏమీ తినలేదు. "మెషిన్ పాడైంది, రేపు బాగు చేయిస్తా" అని అబద్ధం ఆడాను. నర్సు చూసుకోవడానికి రోజూ ఆయన తిండి సంగతి రాసే పుస్తకంలో 'కొద్దిగా తిన్నారు' అని రాశాను. అది రెండో అబద్ధం.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "క్యాసెట్టును ఎవరన్నా ఎండబెడతారటే? అదేమన్నా ఊరమిరపకాయా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం!" అంటూనే స్క్రూడ్రైవర్ తీశాడు. పెండిల్ హిల్‌లో మేం సరుకులు కొనే కొట్టతన్ని బతిమాలి పాత భజనల క్యాసెట్టొకటి తెచ్చాం. తెగిన టేపు అతికించి దాని డొప్పలోకి మార్చి వేశాడు. సైనికాధికారి నీళ్ళలోంచి మూలిగినట్టు మాట్లాడాడు. ఆవిడ నవ్వు వచ్చేచోట దెబ్బతిన్న కుక్క ఏడుపు వచ్చింది. ఆపెయ్యండి, ఆపెయ్యండి అని అరిచాను.

నాలుగు రోజులు గడిచాయి. చెంచా పట్టుకుని బతిమాలాను, పాటలు పాడాను, తెలుగులో తిట్టాను కూడా. ఆయన పెదాలు విప్పలేదు. శుక్రవారం నర్సు వస్తుంది. బుధవారం సాయంత్రం నేను మా వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే మా అమ్మాయి వచ్చింది.

"మమ్మీ, వై ఆర్ యూ క్రయింగ్? ఇట్స్ జస్ట్ అ టేప్."

"జస్ట్ ఏంటే, జస్ట్! అవతల మనిషి తిండి మానేసి చస్తుంటే!"

పాపం, దాని మీద పడ్డాను. అది వెళ్ళి, ఇంటర్నెట్‌లో వెతికి, గంట తర్వాత ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఈజ్ దిస్ ద వన్? దే హావ్ క్లీన్డ్ ఇట్ అప్ టూ." కొబ్బరి చిప్పల గుర్రం, ఆ వెనకే సైనికాధికారి గొంతు. అద్దంలా ఉంది శబ్దం. పిల్లను వాటేసుకుని ముద్దులు పెట్టేశాను. చివరిదాకా విన్నానా? లేదు. అదీ నా తెలివి.

గురువారం సూప్ వెచ్చబెట్టి, ఫోన్ ఆయన చెవి పక్కన పెట్టాను. గుర్రం రాగానే అంకుల్ కళ్ళు తెరిచారు. వంతెన పోయింది. సగం దూరం నడిచాక సార్. హాలు ఘొల్లుమంది. ఆయన పెదాలు వదులయ్యాయి. నేను చెంచా ఎత్తాను.

నవ్వు అణగ్గానే నటుడు తర్వాతి మాట అందుకున్నాడు.

పాత రికార్డును శుభ్రం చేసినవాళ్ళు ఆ రెంటి మధ్య ఖాళీని కత్తిరించేశారు. ఆ ఖాళీలోనే ఆవిడ ఉండేది. మళ్ళీ వేశాను. ఇంకోసారి వేశాను. ఆయన నా వైపు తిరిగారు.

"వేర్ ఈజ్ షీ?"

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందన్న ఆశ నాకు లేదు. ఇంకో అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు.

"ఎండలో పెట్టాను అంకుల్. బూజు పట్టిందని, ఆ బయట బల్ల మీద, ఎండలో పెట్టాను ఆవిడను. సారీ అంకుల్, ఐ యామ్ సో సారీ." వెక్కిళ్ళు ఆగలేదు నాకు.

ఆయన కిటికీలోంచి పెరట్లోకి చూశారు. ఇనప బల్ల మీద ఎండ మెరుస్తోంది.

"ఇన్ ద సన్?"

"అవును."

"గుడ్" అన్నారు. "షీ వాజ్ ఆల్వేస్ కోల్డ్."

అని నోరు తెరిచారు. రెండు చెంచాలు తిన్నారు. మూడోది ఆయన చొక్కా మీద ఒలికిపోయింది.

ఆ రెండు చెంచాలు ఏ మూలకు? శుక్రవారం నర్సు బరువు చూసి తల అడ్డంగా ఊపింది. సోమవారం కూతురు వచ్చింది, హోమ్‌కు తీసుకెళ్ళే కారు వచ్చింది. గొడవ చేస్తారని అందరం భయపడ్డాం. నన్ను పంపనివ్వకు అన్న మనిషి కిక్కురుమనలేదు. సీటు బెల్టు పెడుతుంటే నా మణికట్టు పట్టుకుని పెరటివైపు చూపించారు.

"ఆమెను అక్కడే ఉండనీ. లోపలికి తీసుకురాకు."

తీసుకురానని మాట ఇచ్చాను. ఈ మాట తప్పుదామన్నా నాకు దారి లేదు.