గంగాళం గారి లెక్క

ఆర్కెస్ట్రాలో అందరూ ఆయన్ని గంగాళం గారనే పిలిచేవారు. పేరు పెట్టింది మాత్రం ఇంటావిడే. పెళ్లయిన కొత్తలో ఆయన ట్యూబాను భుజానికెత్తుకుని మూడంతస్తుల మెట్లూ ఎక్కి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడితే, "ఇంత గంగాళాన్ని ఎక్కడ పెడతామండీ, మనకున్నది ఒకటే గది" అందావిడ. మర్నాడు ఆ ముక్కను ఆయనే నవ్వుకుంటూ రిహార్సల్లో చెప్పారు. పిలిచి మరీ పేరు తగిలించుకున్న మనిషిని ఇంకెవరు కాపాడగలరు?

ట్యూబా అంటే చుట్టలు చుట్టిన ఇత్తడి గొట్టం. ఒళ్లో పెట్టుకుంటే వాయించే మనిషి సగం కనబడడు. ఆర్కెస్ట్రా మొత్తంలో అన్నిటికన్నా కింది గొంతు దానిదే. అది మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగితే మాత్రం పాట కాళ్ల కింద నేల లేనట్టుంటుంది. ట్యూబా వినడం కోసమే టికెట్ కొనుక్కుని వచ్చినవాడు భూమ్మీద లేడని గంగాళం గారే చెప్పేవారు.

ఆయన దాన్ని కోరి పట్టుకోలేదు. వయొలిన్ నేర్చుకుందామని వెళితే బడిలో సంగీతం మాస్టారు ఎగాదిగా చూసి, "ఈ ఒంటికి వయొలినేంట్రా, అది మొయ్యి" అని మూలనున్న ట్యూబాను చూపించారు. పన్నెండేళ్ల పిల్లవాడిలోని కళను ఆయన గుర్తించిన తీరు అదీ. అప్పటినుంచి నలభై ఏడేళ్లు మోశారు. బస్సులో దానికి విడిగా టికెట్ కొట్టేవారు. కొట్టించుకున్నాక ఊరికే పోనిస్తారా, కిటికీ పక్క సీటు దానికే ఇచ్చేవారు. పొద్దున ఏడింటికి స్నానాల గదిలో కూర్చుని ఒక్కో స్వరాన్ని ఊపిరున్నంతసేపూ పట్టి నిలిపేవారు. ఎనిమిది కాగానే కింది అంతస్తులో ఉండే రిటైరైన నర్సమ్మ చీపురు కర్రతో కప్పు మీద పొడిచేది. అప్పుడు లేచి కాఫీ తాగేవారు.

అసలు ట్యూబా వాయించేవాడి ఉద్యోగం వాయించడం కాదు, ఊరుకోవడం. రెండు గంటల కచేరీలో ఆయన ఊదేది పట్టుమని పదిహేను నిమిషాలుండదు. మిగతాదంతా లెక్కే. సంగీతం కాగితం మీద గళ్లు గళ్లుగా ఉంటుంది, ఒక్కో గడికి నాలుగు దెబ్బలు. ఊరుకోవాల్సిన చోట ఖాళీ గళ్లన్నీ గీయరు. ఒక లావుపాటి గీత గీసి దాని నెత్తిన ఒక అంకె పెడతారు. తొంభై ఆరు అని ఉందంటే, తొంభై ఆరు గళ్లు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, తొంభై ఏడో గడి మొదటి దెబ్బకు అందుకోవాలి. అందుకని లోపల్లోపల "ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు" అంటూ ప్రతి నాలుగు దెబ్బలకూ ముందు గడి అంకె తగిలించుకుంటూ పోతారు. మధ్యలో తుమ్ము వచ్చినా, ముందు వరసలో ఎవరి కాగితాలో జారి కిందపడినా లెక్క చెదరకూడదు.

ఈ లెక్కలో గంగాళం గారికి తిరుగులేదని పేరు. ఈ ఆర్కెస్ట్రాలో చేరి ముప్పై ఒక్క ఏళ్లయినా ఆయన ఒక్క గడి ముందుకూ వెనక్కూ పోయిన దాఖలా లేదు. డ్రమ్ములవాళ్లకు తమ లెక్క మీద అనుమానమొస్తే ఆయన వైపు చూసేవారు. ఆయన ఊపిరి పీలిస్తే వాళ్లు కర్రలెత్తేవారు. అదే మనిషి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పలేరు. కూతురు ఏ క్లాసు చదువుతోందని ఎవరైనా అడిగితే భార్య వైపు చూసేవారు. "నేను మాట్లాడుతున్నప్పుడు కూడా లోపల లెక్కపెడుతున్నారా ఏంటి?" అని ఆవిడ అడిగితే, "నా వంతు వచ్చేదాకా ఆగాలి కదా" అనేవారు. ఒంటరిగా వాయించి చప్పట్లు కొట్టించుకునే యోగం ట్యూబాకు లేదు కాబట్టి ఆయనకున్న పేరంతా ఈ ఒక్కటే. అదంటే ఆయనకు ప్రాణం.

యాభై అయిదో ఏట ఆ లెక్క చెడింది. ఒకరోజు రిహార్సల్లో అరవై దాటాక, అరవై రెండు అయిపోయిందా, ఇప్పుడు నడుస్తోందా అన్నది తెలియలేదు. మర్నాడూ అంతే. ఆ వారంలోనే మూడుసార్లు అయింది. భార్యకు చెప్పలేదు. మందుల షాపులో పనిచేసే మనిషి, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం, అయినా ఆవిడకు కూడా దొరకలేదు. ఎందుకంటే ఆయనకు పక్క కుర్చీలోనే ఒక దారి కనబడింది.

పక్క కుర్చీలో కూర్చునేది ట్రాంబోన్ వాయించే మిత్రుడు. ఆ గొట్టం ముందుకూ వెనక్కూ జారుతుంది కాబట్టి జనం అతన్ని జారుడు బావ అనేవారు. బావ అన్నది చుట్టరికం కాదు. ఇరవై ఆరేళ్లు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాక మనిషిని ఏదో ఒక వరస పెట్టి పిలవక తప్పదు. ట్యూబా, ట్రాంబోన్ చాలాచోట్ల కలిసే మొదలవుతాయి. జారుడు బావకు ఒక అలవాటుంది. సరిగ్గా రెండు గళ్లు మిగిలి ఉన్నాయనగా వాద్యాన్ని పెదాల దగ్గరికి ఎత్తుతాడు, ముందూ కాదు, వెనకా కాదు. గంగాళం గారు ఓరకంట అది చూసి, రెండే రెండు గళ్లు లెక్కపెట్టుకుని ఊదేసేవారు. లెక్క అతనిది, పేరు ఈయనది. నాలుగేళ్లు అలా గడిచిపోయాయి.

ఆ నాలుగేళ్లలోనూ జారుడు బావకు పేరేమీ రాలేదు సరికదా, కిందటేడు ట్యూబా లేని ఒకచోట గడి ఆలస్యంగా అందుకున్నందుకు ఆర్కెస్ట్రా ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్కసారి జరిగితే కుర్చీ ఖాళీ చేయాలని అందులో రాసి ఉంది. అతను దాన్ని మడిచి వాద్యం పెట్టెలో పెట్టుకుని తిరిగేవాడు.

కొంప మునిగింది ఈ సీజను చివరి కచేరీ రోజున. తొంభై ఆరు గళ్ల ఖాళీ. ఫ్లూటు ఒక్కటే సన్నగా వాయిస్తోంది, హాల్లో దగ్గు కూడా లేదు. ఇత్తడి వాద్యాల్లో ఊదిన ఊపిరి నీరై పేరుకుంటుంది, ఎప్పటికప్పుడు వంపేసుకోవాలి. మామూలుగా జారుడు బావ ఆ పని ఖాళీ మొదలవగానే చేసేసేవాడు. ఆ రోజు మర్చిపోయాడు. ఎనభై ఒకటో గడిలో గుర్తొచ్చి, చప్పుడు కాకుండా ఊది నీరు వంపడానికి వాద్యాన్ని పెదాల దగ్గరికి ఎత్తాడు. గంగాళం గారు ఓరకంట చూశారు. రెండు గళ్లు లెక్కపెట్టారు. ఊదారు.

ఫ్లూటు వాయించే అమ్మాయి భుజాలు ఎగిరిపడ్డాయి. ఇక్కడే అసలు సంగతి జరిగింది. జారుడు బావ లెక్క అప్పుడు ఎనభై మూడు దగ్గరుంది. తనది కరెక్టని ఊరుకోవచ్చు. కానీ పక్కన మోగుతున్నది గంగాళం గారి ట్యూబా. సూర్యుడు పడమట పొడిచినా ఆ లెక్క తప్పదు. తనే పద్నాలుగు గళ్లు ఎక్కడో పోగొట్టుకున్నానని హడలిపోయి, అతనూ అందుకున్నాడు. ఇద్దరూ కలిసి నాలుగు దెబ్బలు ఊదాక ముందు నిలబడి కర్ర ఊపే మేడమ్ చెయ్యి చాచి ఆపింది.

కచేరీ అయ్యాక మేడమ్ వెనక నడవాలో గంగాళం గారిని ఆపి, "మీవల్ల కాదని నాకు తెలుసండీ. ఆయన ముందు ఎత్తడం నేను చూశాను. మీరు పాపం ఆయన్ని కప్పిపుచ్చబోయారు" అంది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. కాదని ఒక్క మాట అనడానికి అంత పెద్ద ఊపిరితిత్తులున్న మనిషికి ఊపిరి చాలలేదు. ఇంటికొచ్చాక భార్య ఏమైందని అడిగితే, బావ కాస్త తడబడ్డాడని చెప్పారు. "అప్పుడు మీరేం చేస్తున్నారు?" అని ఆవిడ అడిగింది. ఆయన బూట్లు విప్పుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, నర్సమ్మ కర్ర చప్పుడుకు బదులు, తలుపు చప్పుడైంది. ఆ రోజు ఆయన అసలు ట్యూబా ముట్టుకోలేదు. గుమ్మంలో జారుడు బావ నున్నగా గడ్డం గీసుకుని, చేతిలో ఒక కాగితంతో నిలబడి ఉన్నాడు.

"చెల్లెమ్మా, కాఫీ ఉందా? బావా, ఇది కాస్త చూడు. తప్పులుంటే దిద్దు. నీ రాత బాగుంటుంది కదా."

అది రాజీనామా. గంగాళం గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. తన వయసు లెక్కకు అడ్డం వస్తోందని, ఆఫీసు తీసేయకముందే తానే తప్పుకుంటున్నానని రాశాడు. చివర్లో ఇంకో వాక్యం ఉంది. "నా పొరపాటు వల్ల ముప్పై ఒక్క ఏళ్లుగా గడి తప్పని మా మిత్రుడికి కూడా మాట వచ్చింది. అందుకు సిగ్గుపడుతున్నాను." గంగాళం గారు కలం తీసి ఒకచోట పోయిన కామా పెట్టారు. తర్వాత ఏం చేయాలో తోచలేదు. ట్యూబా కుర్చీ ఆర్కెస్ట్రాకు ఒక్కటే ఉంటుంది. దాన్నుంచి లేస్తే వెనక వరసలో సర్దుకునేందుకు ఇంకొకటి లేదు. యాభై తొమ్మిదేళ్ల ట్యూబావాణ్ణి ఇంకెవరూ తీసుకోరు. నోరు మెదపకపోతే ఇంకో రెండు మూడేళ్లు గడిచిపోతుంది. కానీ గడవడానికి పక్కన ఎవరిని చూసి ఊదాలి? అన్నిటికన్నా ముందు ఆ ఆలోచనే వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను మొదలెట్టేసరికి నీ లెక్క ఎంత దగ్గరుంది?" అని అడిగారు.

"ఎనభై మూడు. అదే కదా నా బాధ. ఎక్కడ మింగేశానో పద్నాలుగు."

"నువ్వేం మింగలేదు. అది ఎనభై మూడే."

"నన్ను ఓదార్చకు బావా. నువ్వు ఊదాక ఇంకా ఎనభై మూడేంటి?"

"నేను లెక్కపెట్టలేదు." ఆ మాట వచ్చాక మిగతాది దానంతటదే వచ్చేసింది. "నిన్నొక్క రోజే కాదు. నాలుగేళ్లయింది లెక్కపెట్టి. అరవై దాటితే నాకు నిలవడం లేదు. నువ్వు ఎత్తితే చూసి ఊదుతున్నాను. నిన్న నువ్వు నీళ్లు వంపడానికి ఎత్తావు."

కాఫీ కప్పులతో వచ్చిన ఆవిడ అక్కడే ఆగిపోయింది. జారుడు బావ కాసేపు పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. నిన్నటి గళ్లన్నీ మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాడని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"అయితే నాది కరెక్టేనా?" అన్నాడు. మొహం చేటంతయింది. "చెల్లెమ్మా, విన్నావా? ఎనభై మూడు కరెక్టేనట. రాత్రంతా నిద్ర లేదు, మతి పోయిందేమో అనుకున్నాను."

గంగాళం గారికి ఒళ్లు మండింది. కుర్చీ పోగొట్టుకుంటున్నది తనైతే పండగ అతనిది. మండినా, అతని సంతోషం న్యాయమైనదే కాబట్టి పైకి ఏమీ అనలేకపోయారు.

"పదింటికి మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పేస్తాను" అన్నారు.

అప్పటికి గానీ జారుడు బావకు రెండో సగం అందలేదు. నవ్వు ఆగింది. రాజీనామాను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. కాఫీ తాగాడు. ఖాళీ కప్పు కింద పెట్టాడు.

"నాలుగేళ్లూ నన్ను చూసే ఊదావా?"

"ఊఁ."

"ఒక్క మాట చెప్పలేకపోయావా బావా? నీళ్లు వంపేటప్పుడు అటు తిరిగి వంపుకునేవాణ్ణి కదా."