అర్ధసేరు బంతి

బంతికి పంపుతో గాలి కొడితే మొగిలికి నచ్చేది కాదు. ఎంత పట్టిందో పంపుకేం తెలుసు అనేవాడు. రబ్బరు తిత్తి మూతిని పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు ఎర్రబడేదాకా నోటితోనే ఊదేవాడు. ఆ మూతికి దారం కట్టి, తోలు లోపలికి తోసి, పైన లేసు బిగించేవాడు. ఆ బంతినే మేం పదకొండుమందిమీ నెత్తితో కొట్టేవాళ్ళం, గుండెలకు హత్తుకునేవాళ్ళం. అతని చేతి నీళ్ళు మాత్రం తాగేవాళ్ళం కాదు. అతని చెంబు వేరు, మా చెంబు వేరు. ఛీ, ఏం బతుకండీ అది! ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు నాకది తప్పుగా తోచనే లేదు.

నాది నార్సింగి. కాపుల ఇంట్లో పుట్టాను. పట్నంలో ఒక నూలు మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు బ్యాకు ఆడేవాణ్ణి. పేరుకు మిల్లు కూలీలం, నిజానికి జీతమిచ్చి మమ్మల్ని ఆడించేవాళ్ళు. మొగిలిది మా పక్క ఊరు గోపన్‌పల్లి, మాదిగవాడ. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా నేను అతన్ని "మొగిలీ" అనేవాణ్ణి, అతను నన్ను "పటేలా" అనేవాడు. మా ఊళ్ళ లెక్క అదే మరి.

ఊళ్ళో ఉన్నప్పుడు అతను దొరకు వెట్టికి మోటలు కుట్టేవాడు. బావిలోంచి నీళ్ళు తోడే తోలు మోట కుట్టడమంటే మాటలా? కుట్టులోంచి చుక్క కారినా దొర మనుషులు వీపు చిట్లగొట్టేవాళ్ళు. ఒకనాడు మొగిలి ధైర్యం చేసి కూలి అడిగాడు. దొర పగలబడి నవ్వాడట. మర్నాడే మొగిలి తోలు కుట్టే ఆరె, కోసే కత్తి సంచిలో వేసుకుని, పెళ్ళాం సక్కుబాయిని తీసుకుని పట్నం దారి పట్టాడు. "ఎక్కడికి పోతడు, ఆకలైతే వాడే వస్తడు" అన్నాడట దొర. ఆ మాట మొగిలి చెవిన పడింది. మిల్లులో ఆఫీసర్ల బూట్లకు మేకులు కొడుతూ, చిరిగిన బంతులకు అతుకులేస్తూ రెండేళ్ళు గడిపాడు గానీ ఊరి మొహం చూడలేదు.

అంతలో దేశం రెండు ముక్కలైంది. మంచి బంతులన్నీ సియాల్‌కోట్ నుంచి వచ్చేవి. ఆ ఊరు అటుపక్కకు పోయింది. ఉన్న బంతులు ఒక్కొక్కటే పగిలిపోయాయి. మొగిలి ఒక పాత బంతిని కుట్లు విప్పి, పద్దెనిమిది ముక్కలూ నేలమీద పరిచి, రెండు రోజులు వాటి ముందే కూచున్నాడు. మూడోరోజు కత్తి పట్టాడు. అతను కుట్టిన మొదటి బంతి అచ్చం సొరకాయలా ఉంది. మేం పడీ పడీ నవ్వాం. పొట్ట భాగం తోలు వాడితే సాగుతుందని అప్పుడు అతనికి తెలిసింది. వీపు తోలు తెచ్చి మళ్ళీ కుట్టాడు. నాలుగోది గుండ్రంగా వచ్చింది. దాన్ని షెడ్డు ఈ చివరినుంచి దొర్లిస్తే గీత గీసినట్టు ఆ చివరికి పోయింది. ఆరోజు ఎవరం నవ్వలేదు.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, నలభైతొమ్మిది చలికాలంలో, పెద్ద టోర్నమెంటు ఫైనల్‌కు వచ్చాం. బంతి కావాలి, బజారులో లేదు. కమిటీవాళ్ళు మొగిలి బంతి చూసి, ఫైనల్ దీంతోనే ఆడిద్దాం, ఇది నిలిస్తే వచ్చే ఏటి బంతులన్నీ ఇతని చేతే కుట్టిద్దాం అన్నారు. నిలవకపోతే? మిల్లుకు అతనితో పని తీరిపోతుంది. మళ్ళీ గోపన్‌పల్లి, మళ్ళీ దొర, మళ్ళీ మోటలు. సక్కుబాయి ఆ వారం రోజులూ ఉపవాసాలుంది.

ఫైనల్‌లో మా ఎదుటి జట్టు లష్కర్‌వాళ్ళు, అంటే సికింద్రాబాద్ కుర్రాళ్ళు. వాళ్ళు ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళు. మాకు ఆ ఏడే మిల్లు బూట్లు కొనిపెట్టింది. అయినా వాళ్ళ ఆట ముందు మేం ఎందుకూ చాలం. ఆ సంగతి మా జట్టు సెక్రటరీ రామచంద్రానికి బాగా తెలుసు. ఆటకు ముందురోజు అతను షెడ్డులోకి వచ్చాడు. నేను అక్కడే బూట్లు తుడుచుకుంటున్నాను.

"మొగిలీ, బంతిని రేపు పొద్దుగాల నీళ్ళల్ల ఎయ్యి. మధ్యాహ్నం తీసి తుడిచి, పైన కొవ్వు రాయి. ఎండినట్టే కనపడాలె."

"ఎందుకు సారూ?"

"లష్కరోళ్ళవి ఉత్త కాళ్ళు. తడి బంతి రాయి లెక్కుంటది. పదిసార్లు తన్నిండ్రంటే వేళ్ళు వాస్తయ్. ఇగ ఆటేడిది వాళ్ళకు?"

మొగిలి చేతిలో పని ఆపలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నరట. ఆడి గెలువుండ్రి సారూ. నా బంతికి నేను నీళ్ళు తాపను."

"నీ బంతా? తోలు మిల్లుది, దారం మిల్లుది!"

"కుట్టు నాది."

రామచంద్రం మొహం మాడిపోయింది. బయటికి నడిచి, నన్ను పిలిచాడు. "వానికి నెత్తికెక్కింది. నువ్వు జర సమజైనోనివి నర్సింహా. గీ పని నువ్వు చెయ్యి, వచ్చే నెల నిన్ను పర్మనెంటు చేపిస్త. ఫికర్ చెయ్యకు."

చేశాను. దాచడమెందుకు? తెల్లారగానే రామచంద్రం ఇచ్చిన చెవితో షెడ్డు తాళం తీసి, బంతిని వెనక తొట్టిలో వేశాను. అది తేలింది. మీద రాయి పెట్టాను. కుట్ల దగ్గర ఒక్క బుడగ రాలేదు, అంత బిగువుగా కుట్టాడు. తోలు మాత్రం గంటలకొద్దీ నీళ్ళు తాగింది. మధ్యాహ్నం తీసి, తుడిచి, కొవ్వు రాశాను. ఈ చేతులతోనే!

సాయంత్రం నాలుగింటికి మైదానం చుట్టూ నాలుగు వేలమంది జనం. రెఫరీ లింగమూర్తి ఒక బడిలో డ్రిల్లు మాస్టరు. బంతిని బొటనవేలితో నొక్కి చూసి, సరేనన్నాడు. దాన్ని తీసుకెళ్ళి మైదానం నడుమ పెట్టడం మొగిలి పని. బంతి చేతిలోకి రాగానే అతను ఆగిపోయాడు. మెల్లగా ఎత్తి చెంపకు ఆనించుకున్నాడు. తడి తోలు చల్లగా ఉంటుంది, తోలు పనివాడికి ఆ మాత్రం తెలియదా? నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

మొగిలి నడుమకు పోలేదు. వెనక్కి తిరిగి, గీత దాటి, పల్లీలమ్మే చంద్రమ్మ గంప దగ్గరికి పోయాడు.

"చంద్రమ్మా, జర తరాజు తియ్యి."

"పల్లీలు ఎంత కావాలె మొగిలన్నా?"

"పల్లీలు కాదు. బంతి తూచాలె."

జనం గొల్లుమన్నారు. లింగమూర్తి ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఏందయ్యా నీ లొల్లి?"

"సారూ, రూలు ప్రకారం బంతి అర్ధసేరు దాటొద్దు. అవునా, కాదా?"

"అవును."

"అయితే సూడుండ్రి."

చంద్రమ్మ ఒక తట్టలో అర్ధసేరు రాయి వేసింది. రెండో తట్టలో బంతి పెట్టగానే అది దబ్బుమని నేలకు తగిలింది. ఒక ఛటాకు రాయి వేసింది. కదల్లేదు. ఇంకో ఛటాకు వేస్తే అప్పుడు ముల్లు నిలబడింది. మొగిలి సంచిలోంచి ఆరె తీసి బంతి మీద గీరాడు. కొవ్వు పొర లేచిపోయి కింద తోలు తడిసి నల్లగా కనిపించింది.

"నా బంతి అర్ధసేరు లోపలనే సారూ. మీదున్నయి నీళ్ళు."

రామచంద్రం అక్కడికి చేరాడు. ఎంత దిట్టరి మనిషో చూడండి! "కుట్టినోడు వాడే. వాడే ఏదో చేసిండు. మాదిగోని చేతి బంతితోని ఫైనల్ వద్దని నేను ముందే మొత్తుకున్న" అన్నాడు. నోరు తెరిస్తే అబద్ధం. కానీ కమిటీవాళ్ళు తలలూపారు. జనంలో ఎవరో "నకిలీ బంతి!" అని అరిచారు. ఇంకో పదిమంది అందుకున్నారు. ఒక్క నిమిషంలో మొగిలి రెండేళ్ళ కష్టం మట్టిలో కలిసేలా ఉంది.

మొగిలి బతిమాలలేదు. బంతి చంకన పెట్టుకుని తిన్నగా మైదానం నడుమకు నడిచి, ముగ్గు గీసిన చోట చతికిలబడ్డాడు.

"అవును, మాదిగోణ్ణే. మోటలు కుట్టిన చేతులివి. నీళ్ళు తోలుకు ఏం చేస్తయో నాకంటే ఎవనికి తెలుసు? నా బంతిని ముంచినోడు గీ గ్రౌండు మీదనే ఉన్నడు. వాడు నోరు ఇప్పేదాంక నేను లెవ్వ!"

పోలీసు జవాను లాఠీ పట్టుకుని వచ్చాడు. "లేస్తవా, లేపాల్నా?"

"మోస్కపో. బంతి గూడ నాతోనే వస్తది. ఇగ మీరు దేనితోని ఆడ్తరు, గుమ్మడికాయతోనా?"

ఇందాక అరిచిన జనమే ఇప్పుడు ఈలలు వేశారు. జవాను లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి మా వైపు చూశాడు. మేమంతా కుక్కిన పేనుల్లా ఉన్నాం. రామచంద్రం నాకు కళ్ళతోనే ఊరుకోమని సైగ చేశాడు. అప్పుడు గీత అవతలినుంచి చంద్రమ్మ గొంతు ఖంగుమంది.

"ఓ బూట్లోళ్ళూ! కాళ్ళకు బూట్లొచ్చినయ్ గని నోట్లె నాలికలు పోయినయా?"

నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ముందుకు వచ్చాను. "నేనే" అన్నాను. లింగమూర్తికి వినబడలేదు.

"గట్టిగ చెప్పు నర్సింహా!" అన్నాడు మొగిలి. అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"నేనే ముంచిన! రామచంద్రం సారు ముంచుమన్నడు, నేను ముంచిన!"

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. లింగమూర్తి నన్ను ఆటలోంచి తీసేశాడు. పదిమందితోనే ఆడమని మావాళ్ళకు చెప్పాడు. వేరే బంతి ఏదని అడిగితే మొగిలి తన సంచిలోంచి కుట్టి ఉంచిన ఇంకో బంతి తోలు తీసి, అందరి ముందూ తిత్తి ఊది, లేసు బిగించి, దాన్నీ తరాజు ఎక్కించాడు. ఈసారి అర్ధసేరు రాయి ఉన్న తట్ట నేల వదల్లేదు. జనం కేకలకు చంద్రమ్మ గంప మీది కాకులన్నీ లేచిపోయాయి.

నేను పోయి గీత పక్కన మొగిలికి కొంచెం దూరంగా కూచున్నాను. "మొగిలీ, తప్పయింది."

"నాతోని చెప్పుడేంది? దానితోని చెప్పు." తడిసిన బంతిని నా ముందుకు దొర్లించాడు. "ఆరినంక పగుల్తది. ఇగ దేనికీ పనికిరాదు."

దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. ఏడుపొచ్చింది. అతను నా వైపు చూడలేదు. అతని కళ్ళు ఆటలో ఉన్న బంతి వెంటే తిరుగుతున్నాయి. అది నేలకు కొట్టుకుని లేచినప్పుడల్లా అతని గడ్డం కూడా పైకి లేచేది. ఆట సగమయ్యాక లష్కర్ కుర్రాడొకడు ఉత్త కాలితో ఇరవై గజాల నుంచి కొట్టాడు. బంతి వంకర పోకుండా నేరుగా పోయి మా గోల్లో పడింది. మొగిలి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మా జట్టువాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు.

"మనం ఓడిపోతున్నం గదా!" అన్నాను.

"మీరు ఓడుతున్నరు. నా బంతి ఆడుతున్నది."

రెండు గోల్స్‌తో ఓడిపోయాం. ఆట ముగిశాక లింగమూర్తి బంతి పట్టుకుని వచ్చాడు. ప్రతి కుట్టూ వేలితో తడిమి చూశాడు. ఒక్కటీ తెగలేదు. కమిటీ పెద్ద కూడా అతని వెనకే వచ్చి నిలబడ్డాడు. నాలుగడుగుల అవతల రామచంద్రం ఎవరితోనో వాదిస్తున్నాడు.

"మొగిలీ, వచ్చే ఏడుకు ఇట్లాంటియి డజను కావాలె. కుడ్తవా?" అన్నాడు లింగమూర్తి.

మొగిలి భుజం మీది తువ్వాలు తీసి బంతికి అంటిన దుమ్ము తుడిచాడు. నా వైపు ఒకసారి, రామచంద్రం వైపు ఒకసారి చూశాడు.

"నీళ్ళు పొయ్యనోళ్ళకైతే రెండు డజన్లు కుడ్త సారూ" అన్నాడు, మా ఇద్దరికీ వినబడేటట్టు.